వీపున్న కుర్చీ

మూడు చీటీలు రాశాను సాకమ్మకి.
మొదటిదాంట్లో రెండు వారాల విశ్రాంతి,
రెండోదాంట్లో మరో రెండు.
మూడోది రాస్తుంటే తనే ఆపింది:
"మేడమ్, పండుకోని పండుకోని
నొప్పికే నేను అలవాటైపోతిని."

హొంగసంద్రలో ఒంటిగది.
చాపకీ గ్యాస్ పొయ్యికీ మధ్య జానెడు దూరం.
విశ్రాంతి అన్న మాటని
ఆ గదిలో ఎక్కడ పెట్టుకుందో
నేనెప్పుడూ అడగలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకటే మాట:
"పూర్తిగా నయమయ్యాకే రామ్మా."
పూర్తిగా!
పద్నాలుగేళ్లు కాలర్లు కుట్టిన నడుముని
పూర్తిగా అనే ఊరికి తీసుకెళ్లే బస్సు
మెజెస్టిక్‌లో ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో
నాకూ తెలీదు.

ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూపించాను.
విరిగిందేమీ లేదు, జారిందేమీ లేదు,
నీ వెన్ను గాజుసామాను కాదమ్మా,
కదిలితే పగలదు అన్నాను.
ఆమె నావైపే చూసింది.
"మరి పండుకోమన్నింది మీరే గదా?"

సంచిలో కొలతల టేపు పెట్టుకుని
బొమ్మనహళ్లి వెళ్లాను.
మూడో అంతస్తు, ఏడో లైను,
రేకుల మీద వడగళ్లలా నూటపది మిషన్లు.
సాకమ్మ స్టూలు మీద కూర్చున్నాను.
పెడల్ అందాలంటే ముందుకి,
సూది కనబడాలంటే ఇంకా ముందుకి,
కట్ట అందుకోవాలంటే
ఎడమకి మెలితిరిగి నేల దాకా.
గంటకి అరవై కాలర్లు.
ఇరవై నిమిషాలకే
నా నడుములో ఎవరో బాబిన్ మార్చారు.

నడుం కట్టమంటారు, నడుం బిగించమంటారు,
పనికి పిలిచే మాటలన్నీ నడుం చుట్టూనే.
నడుం వాల్చమనే మాట ఉంది గానీ
అది ఇంటికి పంపేసే మాట.
ఈ రెంటికీ నడుమ ఒక్క మాటైనా
మనవాళ్లు కుట్టిపెట్టలేదా అనుకున్నాను.

సూపర్‌వైజర్ మంజప్ప లెక్క చెప్పాడు,
ఒకరికి కుర్చీ ఇస్తే
నూటతొమ్మిది మంది అడుగుతారని.
నేనూ లెక్కే చెప్పాను,
ఏడాదిలో నడుం పేరు మీద పోయిన రోజులు.
రిజిస్టరు ఆయనదే, కూడింది నేను.
తల గోక్కున్నాడు.
స్టోరులోంచి పాత ఆఫీసు కుర్చీ వచ్చింది,
ఒక చక్రం లేదు, చెక్కముక్క కట్టారు.
కట్టలకి మోకాలెత్తు బల్ల.
మొదటి వారం సగం పూట, గంటకి ముప్పై.
గంటకోసారి లేచి నిలబడాలి,
నొప్పి ఉన్నా లేకపోయినా.

సోమవారం తిరిగొచ్చింది సాకమ్మ,
ఒక చేత్తో టిఫిన్ డబ్బా,
ఇంకో చేత్తో నొప్పిని పట్టుకుని నడిపించుకుంటూ.
సగం పనికి కూలి తీసుకోడానికి
మొహం చెల్లలేదట ఆ పూటంతా.
మిగతా సగం
పక్క మిషన్ ఒడియా పిల్ల ఝునూ
చెప్పకుండానే తన కట్టలో కలిపేసుకుంది.

నెల తరవాత వెళ్లాను.
పాత స్టూలు మీదే ఉంది సాకమ్మ!
నా గొంతులోకి కోపం ఎక్కేలోగా
గడ్డంతో పక్కకి చూపించింది.
వీపున్న కుర్చీలో ఝునూ.
ఏడో నెల.
పొద్దున సాకమ్మ, పదకొండుకి ఝునూ,
భోజనాలయ్యాక బటన్ల దగ్గర నూర్జాన్,
నాలుక్కి మళ్లీ సాకమ్మ.
లైనంతా కుంటుకుంటూ తిరుగుతోంది
మూడు చక్రాల కుర్చీ.
"ఇంగొకరి వంతప్పుడు
నిలబడుకోని దారాలు కత్తిరిస్తాండా.
నిలబడమన్నిందీ మీరే గదా."

నొప్పి ఎట్లా ఉందని అడిగాను.
"ఉండాది.
దాని పని అది చేసుకుంటాది."
సూది కింద కాలరు తిప్పుతూ అంది,
చెయ్యి ఆపకుండా.

ఆ రాత్రి నాలుగో చీటీ రాశాను,
మంజప్ప పేరు మీద.
మందు అన్నచోట కుర్చీలు అని రాసి
ఎన్ని అన్నచోట
చాలాసేపు పెన్ను కదల్లేదు.